పెద్దవాళ్ల బ్యాంకు ఖాతాల్లో పైసలు ఎందుకు కట్ అయితయ్: ఫీజుల రూల్స్ అసలు ఎట్లున్నయ్

సంక్షిప్తంగా: అరవై ఏళ్లు దాటినంత మాత్రాన బ్యాంకు ఫీజులు మాఫీ కావు. రిజర్వ్ బ్యాంక్ రూల్స్‌లో ఆ రక్షణ బేసిక్ సేవింగ్స్ ఖాతాకి ఉంది, జనం జీరో అకౌంట్ అనేది దాన్నే. వయసు వల్ల వచ్చేవి వేరే: చెక్కులు, విడి కౌంటర్, ఇంటికొచ్చి చేసే సేవ లాంటివి. మినిమం బ్యాలెన్స్ ఫైన్‌ని గవర్నమెంట్ బ్యాంకులు చాలావరకు ఎత్తేసినయ్ గానీ ఏటీఎం, ఎస్ఎంఎస్, కార్డు చార్జీలు, బీమా కోతలు మాత్రం ఇంకా ఉన్నయ్.

గందరగోళం ఎక్కడ మొదలైతది

హన్మకొండ అయినా, కాజీపేట అయినా, జమ్మికుంట అయినా, నెల మొదటి వారంలో పాస్‌బుక్ ప్రింట్ కొట్టే మిషన్ దగ్గర లైన్‌లో ఉండేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఎంట్రీ కొట్టించుకుని చూస్తే పెన్షన్ పడ్డ లైన్ కింద చిన్న చిన్న అంకెలు కనబడతయ్, 17.70 అని ఒకచోట, 27.14 అని ఇంకోచోట, మే నెల చివర 20 రూపాయలు అని. ఎందుకు కట్ అయిందో పక్కన రాసే ఉంటది గానీ ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఉంటది, అది చదివి అర్థం చేసుకునేవాళ్లు తక్కువ. "సీనియర్ సిటిజన్ అకౌంట్ కదా, చార్జీలు ఎట్ల వేస్తరు" అనే ప్రశ్న వచ్చేది ఇక్కడ్నే.

ఆ ఒక్క పేరుతో జనం పిలిచేవి కనీసం నాలుగు రకాల ఖాతాలు ఉన్నయ్. ఒకటి జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతా, జన్‌ధన్ కూడా ఇందులోకే వస్తది. రెండోది పెన్షన్ ఖాతా, రిటైర్ అయిన గవర్నమెంట్ ఉద్యోగులకి బ్యాంకు విడిగా తెరిచేది. మూడోది "సీనియర్" అని పేరు పెట్టి బ్యాంకులు సొంతంగా అమ్ముకునే సేవింగ్స్ ఖాతా, పేరులో సీనియర్ ఉన్నా ఇందులో కొన్నిటికి మినిమం బ్యాలెన్స్ మామూలు ఖాతా కంటే ఎక్కువే అడుగుతరు. నాలుగోది ఇరవై ముప్పై ఏళ్ల కింద తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతా, మనిషికి అరవై దాటినయ్ గానీ ఖాతా మారలేదు. వీటికి తోడు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ అని ఇంకోటి ఉంది, అది అసలు ఈ లెక్కలోకి రాదు, అది ఐదేళ్ల డిపాజిట్, 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు.

బ్యాంకు కంప్యూటర్ చార్జీ వేసేటప్పుడు పుట్టిన తేదీ చూసి వెయ్యదు, ఖాతాకి ఏ స్కీమ్ కోడ్ పెట్టి ఉందో చూసి వేస్తది. అందుకే 72 ఏళ్ల మనిషికి చార్జీ పడి, అదే బ్రాంచిలో 25 ఏళ్ల పిల్లగాడికి పడకపోవచ్చు. మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకి బస్సు ఫ్రీ అయినా అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులకే, సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొట్టాల్సిందే, ఇక్కడా ఎవరు ఎక్కినరన్న దానికంటే దేంట్ల ఎక్కినరన్నదే ముందు చూస్తరు.

జీరో అకౌంట్ వెనక కథ

2005 నవంబర్‌లో రిజర్వ్ బ్యాంక్ అన్ని బ్యాంకుల్ని "నో ఫ్రిల్స్" ఖాతాలు తెరవమంది, అంటే తక్కువ బ్యాలెన్స్‌తోనో బ్యాలెన్స్ లేకుండానో నడిచే ఖాతా. దానికి పేదోళ్ల ఖాతా అన్న ముద్ర పడింది, సౌకర్యాలు కూడా ఒక్కో బ్యాంకులో ఒక్కో తీరు. 2012 ఆగస్టులో దాన్ని తీసేసి బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్ అని పెట్టిన్రు, ఇది ఎవరైనా తెరుచుకోవచ్చు, ఆదాయం ఎంతని అడగొద్దు, వయసు అడగొద్దు. 2014 ఆగస్టు 28న మొదలైన జన్‌ధన్ ఖాతాలు కూడా ఈ కోవలోవే, మీదికెళ్లి రూపే కార్డుకి ప్రమాద బీమా, ఓవర్‌డ్రాఫ్ట్ లాంటివి కలిపిన్రు అంతే.

2019 జూలై 1 నుంచి అమలైన రూల్స్ ప్రకారం ఈ ఖాతాకి మినిమం బ్యాలెన్స్ పెట్టొద్దు, పైసలు వేసుకోవడానికి ఎన్ని సార్లన్న లిమిట్ లేదు, ఏటీఎం కార్డు ఫ్రీ, నెలకి కనీసం నాలుగు సార్లు తీసుకోవడం ఫ్రీ. గవర్నమెంట్ బ్యాంకు, ప్రైవేటు బ్యాంకు అని తేడా లేదు, అడిగితే తెరవాల్సిందే. 2025 డిసెంబర్‌లో వచ్చిన సవరణ ఇంకొంచెం ముందుకు పోయింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా ఏడాదికి 25 చెక్కులు, మొబైల్ బ్యాంకింగ్, ఇంటర్నెట్ బ్యాంకింగ్, పాస్‌బుక్ లేదా నెలవారీ స్టేట్‌మెంట్ ఫ్రీ అంది, యూపీఐ లాంటి డిజిటల్ పేమెంట్లని ఆ నాలుగు విత్‌డ్రాల్లో లెక్కపెట్టొద్దని చెప్పింది.

దీనికో షరతు ఉంది. బేసిక్ ఖాతా ఉన్న బ్యాంకులోనే ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండొద్దు, ఉంటే 30 రోజుల్లో మూసెయ్యాలె. ఫిక్స్‌డ్ డిపాజిట్ మాత్రం అదే బ్యాంకులో పెట్టుకోవచ్చు, చాలామంది పెద్దవాళ్లు ఇది పోతదేమో అని భయపడి మార్చుకోరు, అది అనవసర భయం. భయపడాల్సింది ఇంకోటి ఉంది, పూర్తి కేవైసీ (గుర్తింపు, అడ్రస్ రుజువులు) లేకుండా తెరిచిన "స్మాల్" ఖాతా. దాంట్లో ఏ టైంలోనైనా 50,000 మించి ఉండొద్దు, ఏడాదిలో మొత్తం లక్ష కంటే ఎక్కువ పడొద్దు, నెలకి 10,000 మించి తియ్యరాదు. పీఎఫ్ పైసలో భూమి అమ్మిన పైసలో పడ్డప్పుడు ఖాతా ఆగిపోయేది ఈ కారణంగానే, ఆధార్ పట్టుకుపోయి కేవైసీ పూర్తి చేయిస్తే ఈ లిమిట్లు పోతయ్.

నాలుగు సార్ల లెక్క, పదహారు రూపాయల లెక్క

బేసిక్ ఖాతాలో కూడా పైసలు కట్ అయ్యేది ఇక్కడే. రూల్ చెప్పింది కనీసం నాలుగు ఫ్రీ అని, ఐదోదాని నుంచి ఎంత వెయ్యాలన్నది బ్యాంకు ఇష్టం. స్టేట్ బ్యాంక్ 2021 జూలై 1 నుంచి బ్రాంచి, ఏటీఎం కలిపి నాలుగు దాటితే ఒక్కోదానికి 15 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ పెట్టింది, మొత్తం 17.70. అంతకుముందు కూడా కొన్నేళ్లు ఇదే 17.70 వసూలు చేసింది, అప్పుడైతే యూపీఐ పేమెంట్లని కూడా ఆ నాలుగులో కలిపేసింది, దాని మీద ఐఐటీ బొంబాయి నుంచి వచ్చిన అధ్యయనంతో పెద్ద చర్చ నడిచింది. 2020 ఆగస్టు 30న ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ ఏడాది జనవరి 1 తర్వాత యూపీఐ, రూపే పేమెంట్ల మీద వసూలు చేసిన చార్జీలు వాపస్ ఇయ్యమని బ్యాంకులకి చెప్పింది.

ఇప్పుడు దీన్ని ఆసరా పెన్షన్ పక్కన పెట్టి చూడాలె. తెలంగాణలో వృద్ధాప్య పెన్షన్ 2,016 రూపాయలు, 2019లో 1,000 నుంచి ఇక్కడికి పెరిగింది. ఊళ్లల్ల చాలామందికి పోస్టాఫీసు ద్వారా వస్తది, టౌన్లలో ఎక్కువగా బ్యాంకు ఖాతాలో పడతది. 2,016 పడితే 2,000 తీసుకుంటరు, ఆ 16 రూపాయలు ఏటీఎంలో రావు, ఖాతాలో మిగులుతయ్. ఏడాదికి 192 అయితయ్, అది వాళ్ల తెలియని పొదుపు. అదే మనిషి పైసలు ఇంట్లో పెడితే మనుమడు అడుగుతడనో దొంగలు పడతరనో భయపడి నాలుగు వందల చొప్పున ఐదు సార్లు తీస్తే, ఐదోసారికి పడే ఒక్క చార్జీ 17.70, అంటే నెలంతా మిగిలే 16 రూపాయల కంటే ఎక్కువ. చార్జీ చిన్నదే, పెన్షన్ కూడా చిన్నదే కాబట్టి తగిలేది గట్టిగనే.

డిజిటల్ పేమెంట్లకి మినహాయింపు ఇచ్చిన సవరణ వల్ల ఫోన్‌పే వాడే మనిషికి ఈ బాధ తగ్గుతది. మరి నోట్లతోనే బతికేవాళ్లకి, ముఖ్యంగా బటన్ ఫోన్ ఉన్న పెద్దవాళ్లకి, పాత లెక్కే. రూల్ మార్పు వల్ల లాభం తక్కువ వయసోళ్లకి ఎక్కువ, ఎక్కువ వయసోళ్లకి తక్కువ అనే మాట ఇక్కడ వర్తిస్తది, దీని మీద మాట్లాడేవాళ్లు మాత్రం పెద్దగా లేరు.

మామూలు ఖాతా, సగటు బ్యాలెన్స్

సింగరేణిలో పనిచేసి రిటైర్ అయిన మనిషి ఖాతాని తీసుకుంటే, డ్యూటీలో ఉన్నన్ని రోజులు అది జీతం ఖాతా, దానికి మినిమం బ్యాలెన్స్ ఉండదు. రిటైర్ అయ్యాక జీతం పడడం ఆగిపోతది, చాలా బ్యాంకుల్లో కొన్ని నెలలు చూసి ఖాతాని మామూలు సేవింగ్స్‌లోకి మార్చేస్తరు. బొగ్గు గనుల పెన్షన్ దాంట్లోనే పడుతున్నా కంప్యూటర్‌కి అది పెన్షన్ ఖాతా కాదు, బ్రాంచికి పోయి మార్పించుకుంటేనే అయితది.

మామూలు ఖాతాలో మినిమం బ్యాలెన్స్ ఫైన్ ఎట్ల పడతదో తెలియకపోవడం వల్లే ఎక్కువ గొడవలు. ఖాతాలో 2,000 "ఎప్పుడో ఒకప్పుడు" ఉంటే సరిపోదు, నెలలో ప్రతి రోజు సాయంత్రం ఉన్న బ్యాలెన్స్‌లన్నీ కూడి రోజుల సంఖ్యతో భాగిస్తరు, దాన్నే నెలవారీ సగటు అంటరు. ఉదాహరణకి 2,000 సగటు అడిగే బ్యాంకులో 3,000 పెన్షన్ ఒకటో తారీఖు పడింది, మూడో తారీఖు పొద్దున మొత్తం తీసేసిన్రు అనుకుందాం. రెండు రోజులు మూడు వేలు, మిగతా 28 రోజులు సున్నా, సగటు 200 రూపాయలు. లోటు 1,800, దాని మీద బ్యాంకు 6 శాతం వేస్తదనుకుంటే 108, జీఎస్టీతో 127.44. అదే ఖాతాలో ఎవరైనా 30,000 వేసి రెండంటే రెండు రోజులు ఉంచి తీసుకుపోతే సగటు 2,000కి చేరుతది, ఫైన్ లేదు. పెద్ద మొత్తాలు తిరిగే ఖాతా ఈ లెక్కలో సులువుగా బయటపడతది, చిన్న పెన్షన్ పడగానే ఖర్చయిపోయే ఖాతా ఇరుక్కుంటది. పీఎఫ్ ఉన్న ఉద్యోగులకి వచ్చే ఈపీఎస్ కనీస పెన్షన్ 2014 సెప్టెంబర్ నుంచి 1,000 రూపాయలు, ఆ పెన్షన్‌తో 2,000 సగటు చూపించడం అసలు కుదిరే పని కాదు.

రిజర్వ్ బ్యాంక్ దీనికి 2015 ఏప్రిల్ నుంచి కొన్ని హద్దులు పెట్టింది. బ్యాలెన్స్ తగ్గిందని ముందు చెప్పాలె, సరిచేసుకోవడానికి కనీసం నెల టైం ఇయ్యాలె, ఫైన్ లోటుకి తగ్గట్టు ఉండాలె, ఫైన్ల వల్ల ఖాతా మైనస్‌లోకి పోవద్దు. ఇంకా మైనస్ బ్యాలెన్స్ చూపించి పెన్షన్ పడగానే లాగేసుకున్న ఖాతాలు ఉంటే, ఆ చివరి రూల్ చూపించి అడగొచ్చు. రెండేళ్లు లావాదేవీలు లేక ఆగిపోయిన ఖాతాల సంగతి కూడా ఇందులోకి వస్తది, పిల్లల దగ్గరికి అమెరికా పోయి ఉండిపోయినవాళ్ల ఖాతాలు చాలావరకు ఇట్లాంటివే. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆగిపోయిన ఖాతా మీద మినిమం బ్యాలెన్స్ ఫైన్ వెయ్యొద్దు, మళ్లీ తెరిపించడానికి చార్జీ తీసుకోవద్దు.

వరంగల్ వైపు ఈ ఫైన్ అంటే జనానికి 2017 గుర్తొస్తది. ఆ ఏడాది ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది, అదే రోజు నుంచి ఎస్‌బీఐ మినిమం బ్యాలెన్స్ ఫైన్‌ని మళ్లీ తెచ్చింది. ఎస్‌బీహెచ్ అంటే ఇంటి బ్యాంకు లెక్క చూసుకున్న ఖాతాదారులకి పాస్‌బుక్ మీద పేరూ, లోపల చార్జీలూ ఒకేసారి మారినయ్. ఆ ఏప్రిల్ నుంచి నవంబర్ మధ్య ఎస్‌బీఐ దేశం మొత్తం మీద వసూలు చేసింది 1,771 కోట్లు. గొడవ పెద్దదై అక్టోబర్ నుంచి పెన్షనర్లని మినహాయించిన్రు, పెన్షనర్లని అంటే పెన్షన్ ఖాతా ఉన్నవాళ్లని, అరవై దాటిన అందరినీ కాదు. 2020 మార్చిలో ఎస్‌బీఐ అన్ని సేవింగ్స్ ఖాతాలకీ ఫైన్ ఎత్తేసింది. 2025లో కెనరా జూన్ నుంచి, పంజాబ్ నేషనల్, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఇండియన్ బ్యాంక్ జూలై నుంచి అదే దారి పట్టినయ్. ప్రైవేటు బ్యాంకుల్లో మాత్రం ఇది నడుస్తనే ఉంది, 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంక్ పెద్ద నగరాల్లో కొత్త ఖాతాలకి 50,000 సగటు పెట్టి, విమర్శలు రాగానే 15,000కి దించింది.

మరి వయసు వల్ల వచ్చేదేంది

2017 నవంబర్ 9న రిజర్వ్ బ్యాంక్ సీనియర్ సిటిజన్ల కోసం విడిగా ఒక సర్క్యులర్ ఇచ్చింది. అరవై నిండగానే బ్యాంకు రికార్డులోని పుట్టిన తేదీని బట్టి ఖాతాని తనంత తానే సీనియర్ హోదాలోకి మార్చాలె, విడి కౌంటర్ లేదా ముందు వరుస ఉండాలె, అడిగితే ఏడాదికి 25 చెక్కులు ఫ్రీ, లైఫ్ సర్టిఫికెట్ ఆ బ్యాంకు ఏ బ్రాంచిలో ఇచ్చినా తీసుకోవాలె, 70 దాటినవాళ్లకి ఇంటికొచ్చి నగదు ఇచ్చే, తీసుకునే సేవ ఏర్పాటు చెయ్యాలె. ఇందులో ఎక్కడా మినిమం బ్యాలెన్స్ మాఫీ అనో, ఏటీఎం చార్జీ మాఫీ అనో లేదు. ఇంటికొచ్చే సేవ కూడా ఫ్రీ అని చెప్పలేదు, బ్యాంకులు దానికి ఒక్కో విజిట్‌కి చార్జీ వేస్తయ్.

ఈ వయసుల లెక్క కూడా తికమకనే. బ్యాంకుకి సీనియర్ అంటే 60, ఆసరాకి 57, ఇంటికొచ్చే సేవకి 70. మనిషి ఒక్కడే, ఒక్కో ఆఫీసులో ఒక్కో వయసుకి ముసలోడు అయితడు.

ఏటీఎం, బీమా, మిగతా చిల్లర

మామూలు సేవింగ్స్ ఖాతాకి సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకి ఐదు ఫ్రీ. వేరే బ్యాంకు ఏటీఎంలో హైదరాబాద్ లాంటి ఆరు మెట్రోల్లో మూడు, వరంగల్, కరీంనగర్ లాంటి చోట్ల ఐదు. దాటితే 2025 మే 1 నుంచి గరిష్ఠంగా 23 రూపాయలు, జీఎస్టీ కలిపితే ఆ 27.14 వస్తది. వేరే బ్యాంకు ఏటీఎంలో బ్యాలెన్స్ చూసుకున్నా ఈ లెక్కలో ఒకటి పోతది, పెన్షన్ పడిందా లేదా అని రోజూ పోయి చూసేవాళ్లకి ఐదు అట్లనే అయిపోతయ్. మిషన్‌లో పైసలు లేకనో నెట్‌వర్క్ లేకనో ఫెయిల్ అయినవి మాత్రం లెక్కపెట్టొద్దు, 2019 నుంచి ఆ రూల్ ఉంది.

మే చివర్లో కట్ అయ్యే 20 రూపాయలు బ్యాంకు ఫీజే కాదు, ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రీమియం, 2022 జూన్ నుంచి ఏడాదికి 20. ప్రమాదంలో పోతే రెండు లక్షలు వస్తయ్, 70 ఏళ్ల దాకే వర్తిస్తది. 436 అని ఉంటే అది జీవన్‌జ్యోతి బీమా, అది 55కే ఆగిపోతది. ఆ వయసులు దాటినా కట్ అయితుంటే బ్యాంకుని అడిగి ఆపించి వాపస్ తీసుకోవాలె. ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీలో ముందే కోసే పన్ను, అంటే టీడీఎస్ కూడా ఫీజు కాదు, సీనియర్లకి 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి లక్ష దాకా వడ్డీ మీద కొయ్యరు.

అమెరికా లెక్క వేరే

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లల్ల "అక్కడ పెద్దవాళ్లకి ఫీజులు లేవట" అనే మాట వినబడతది, అది సగం నిజం. రోజువారీ ఖర్చులకి అక్కడ వాడేది చెకింగ్ ఖాతా, మన దగ్గర ఆ పని సేవింగ్స్ ఖాతాతోనే నడుస్తది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 65 దాటినవాళ్లకి, అట్లనే 18 లోపువాళ్లకి, నెలవారీ చార్జీ, మినిమం బ్యాలెన్స్ లేని చెకింగ్, సేవింగ్స్ ఖాతాలు ఇయ్యాలని చట్టం ఉంది. అది రాష్ట్రం లైసెన్సు ఇచ్చిన బ్యాంకులకే కట్టుబాటు, దేశమంతా ఉండే పెద్ద బ్యాంకులకి ఫెడరల్ లైసెన్సు ఉంటది కాబట్టి వాటికి కాదు. పక్కనే న్యూయార్క్‌లో వయసుతో సంబంధం లేని బేసిక్ ఖాతా, నెలకి 3 డాలర్లు మించకుండా చార్జీ, కనీసం ఎనిమిది విత్‌డ్రాలు అందులోనే.

మన పద్ధతి న్యూయార్క్ దానికి దగ్గర, పైగా నెల చార్జీ లేదు, అన్ని బ్యాంకులకీ వర్తిస్తది. మసాచుసెట్స్ పద్ధతిలో ఒక సుఖం ఉంది, వయసు చూపిస్తే చాలు, మన దగ్గర ఖాతాదారుడే తెలుసుకుని అడగాలె, అడగనివాళ్లు చార్జీలు కడుతుంటరు.

మార్చుకోవడం, ఫిర్యాదు

పాస్‌బుక్ మొదటి పేజీలో, పేరు అడ్రస్ పక్కన, సాధారణంగా స్కీమ్ లేదా ఖాతా రకం అని ఒక లైన్ ఉంటది, అందులో బీఎస్‌బీడీ అని ఉంటే అది బేసిక్ ఖాతా. లేకపోతే మామూలు ఖాతాని బేసిక్‌లోకి మార్చమని రాసి ఇయ్యొచ్చు, కొత్త రూల్స్ ప్రకారం అడిగిన ఏడు రోజుల్లో మార్చాలె, దానికోసం కొత్త ఖాతా తెరవాల్సిన పని లేదు. గ్రామీణ బ్యాంకు ఖాతాలున్నవాళ్లు ఇది ఒకసారి చూసుకోవడం మంచిది, ఎందుకంటే వరంగల్ కేంద్రంగా నడిచిన ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్) తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసినయ్, విలీనాల తర్వాత ఖాతా రకం ఎట్ల నమోదైందో చూసుకుంటేనే తెలుస్తది.

ముందుముందు ఏమైతదంటే, మినిమం బ్యాలెన్స్ ఫైన్ పోయిన చోట బ్యాంకులకి ఆ ఆదాయం పోయింది, దాన్ని కార్డు వార్షిక చార్జీ, ఎస్ఎంఎస్, నగదు లావాదేవీల మీద రాబట్టుకునే ఒత్తిడి ఉంటది. బేసిక్ ఖాతాలో కార్డు ఫ్రీ, పాస్‌బుక్ ఫ్రీ అని రూల్‌లోనే ఉంది కాబట్టి ఆ ఒత్తిడి మామూలు ఖాతాల మీదే ఎక్కువ పడే అవకాశం ఉంది.

తప్పు చార్జీ పడితే ముందు బ్రాంచిలో రాసిచ్చి రసీదు తీసుకోవాలె. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి పోవచ్చు, దానికి ఫీజు లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎట్ల చెయ్యాలో తెలుగులో కూడా చెప్తరు. రసీదు లేకపోతే మాత్రం ఆ 30 రోజులు ఎప్పుడు మొదలైనయో చూపించడానికి ఏమీ ఉండదు.